నిశ్శబ్దంలో దొరికిన చరణం

కిందటి వారం కథ బట్టల అలమర దగ్గర ఆగింది. అలమర లోపల దుప్పట్ల మధ్య కోడలు, బయట కంప్యూటర్ ముందు మరిది, ఇద్దరి మధ్యా నేల మీద ఫోను. ఆ ఫోనులోంచి సంగీతం మేడమ్ చెప్పదలుచుకున్నది చెప్పేసి పెట్టేసింది.

"నీ గొంతు బాగుందమ్మా. బాగుందనే అనుకుంటున్నా. నూతిలో పడి పాడుతున్నట్టుంటే ఇంకేం తెలుస్తుంది? ఆ రివర్బ్, ఆ ప్రతిధ్వని అంతా తీసేసి, శుభ్రంగా చేసి మళ్ళీ పంపు. దాంతోపాటు ఏ హంగూ చెయ్యని పచ్చి ఫైలు కూడా పంపు. సాయంత్రం ఐదింటికల్లా నా దగ్గరుండాలి. రాకపోతే రెండో అమ్మాయికి ఫోన్ చేసేస్తాను."

ఈ వారమే మొదలుపెట్టినవాళ్ళ కోసం రెండు ముక్కలు. మన కోడలు బస్టాండులో మైకు ముందు కూర్చునే మనిషి. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పే గొంతు ఆవిడదే. ఊళ్ళో ఆ గొంతు ఎరగనివాళ్ళు లేరు, ఆ మనిషిని ఎరిగినవాళ్ళూ లేరు. జీవితంలో ఒక్క పాట, ఒక్కటంటే ఒక్కటి, కింద తన పేరు పడేలా పాడాలని ఆవిడ ఆశ. ఇన్నాళ్ళకి ఒక టీవీ సీరియల్ టైటిల్ పాటకి కొత్త గొంతు కావాలని సంగీతం మేడమ్ పల్లవి ఒక్కటీ పాడి, దాన్ని అడిగినవాళ్ళందరికీ పంపింది. అందరూ పాడి పంపగా, వడపోతలన్నీ అయ్యాక ఇద్దరు మిగిలారు. ఒకరు మన కోడలు. రెండో అమ్మాయికి సొంత స్టూడియో ఉందని వినికిడి. మనవాళ్ళకున్నదల్లా ఒక సెకండ్‌హ్యాండ్ మైకు, ఒక ముసలి కంప్యూటర్, ఊరికే దొరికే సాఫ్ట్‌వేర్, దుప్పట్లు వేలాడదీసిన ఒక అలమర.

వీటన్నిటికీ ఇంజనీరు మరిది. చెవి మిషన్లు అమ్మే షాపులో పని అతనికి. చెవిటివాడి ముందు శంఖం ఊదితే జీతమిచ్చే ఉద్యోగం ప్రపంచంలో తనదొక్కటేనని అందరికీ చెప్పుకుంటాడు. ఇంటికొచ్చినా అలవాటు పోక, ఏ మీట తిప్పినా "ఇప్పుడెలా వినబడుతోంది?" అని అడుగుతాడు. ఆ ఇంట్లో మూడో మనిషి అత్తగారు. బడిలో హెడ్మాస్టరమ్మగా చేసి రిటైరైంది. బడి వదిలినా బెత్తం వదల్లేదని వీధిలో వాళ్ళ మాట. కోడలి భర్త బస్సు మీద పొరుగూళ్ళ డ్యూటీకి పోయాడు కాబట్టి ఈ వారం ఆయన మనకి అడ్డురాడు.

"బయటికి రా వదినా, నిన్ను నూతిలోంచి తీస్తున్నా," అన్నాడు మరిది.

కోడలు దుప్పట్లు తప్పించుకుని బయటికొచ్చింది. చెమటకి జుట్టు నుదుటికంటుకుపోయి ఉంది. హెడ్‌ఫోన్స్ చెవులకి తగిలించుకుని కుర్చీ అంచున కూర్చుంది. మరిది రివర్బ్ మీట కిందకి లాగాడు.

ఆవిడ ముఖం పాలిపోయింది.

"ఇది నా గొంతా?"

గొంతు గొంతులా లేదు. నీళ్ళ కింద మునిగి ఎవరో మాట్లాడుతున్నట్టుంది. కొన్ని స్వరాలు గలగలమంటున్నాయి, కొన్ని అక్కడక్కడ చెదలు తిన్నట్టు మాయమవుతున్నాయి. పల్లవి చివర నిలబెట్టే స్వరం దగ్గరైతే మరీ ఘోరం. తను ఊపిరంతా కూడగట్టి పట్టిన స్వరం అక్కడ పురుగు కొట్టేసిన ఆకులా ఉంది.

మరిది తేలుకుట్టిన దొంగలా తల దించుకున్నాడు.

"నీకు ముందే తెలుసు కదూ?" అంది కోడలు.

"కొంచెం తేడాగా ఉందని తెలుసు వదినా. ఎందుకో తెలీలేదు. అందుకే రివర్బ్ కాస్త దట్టించా."

"కూర మాడితే మసాలా గుమ్మరించావన్నమాట!"

"అంతే అనుకో."

కోడలికి కోపం రాలేదు. కోపానికి టైము లేదు. గోడ గడియారం మూడు దాటేసింది. పైగా ఆవిడకి లోపల ఒక రకమైన ఉత్సాహం పుట్టింది, పిచ్చి ఉత్సాహం. మేడమ్ తన గొంతు బాగుందంది. నూతిలోంచి విన్నా బాగుందంది. ఇంక నూతిలోంచి బయటపడితే ఎలా ఉంటుందో!

"మళ్ళీ పాడేస్తా, అలమరలోకి పోనా?" అంది.

అన్నదో లేదో పక్కింట్లో గోడకి డ్రిల్లింగు మొదలైంది. అలమరంతా గజగజలాడింది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే. ఇంక పాడటం కుదరదు, ఉన్నదాన్నే బాగుచేసుకోవాలి.

"ఒక్కో ఎఫెక్టూ తీసుకుంటూ పో," అంది కోడలు. "ఏది తీస్తే గొంతు బాగవుతుందో అదే దొంగ."

మరిది మొదట అట్టడుగు మోతల్ని కోసే ఈక్యూ తీశాడు. గొంతులో కింది గరగర తిరిగొచ్చింది తప్ప చెదలు పోలేదు. స, ష పలికేటప్పుడు వచ్చే బుసని అణిచే డీ-ఎస్సర్ తీశాడు. బుస వచ్చింది, చెదలు అలాగే ఉన్నాయి. కంప్రెసర్ తీశాడు. పెద్ద స్వరాలు పెద్దగా, చిన్నవి చిన్నగా విడిపోయాయి గానీ ఆ పురుగు మాత్రం కదల్లేదు. చివరికి మిగిలింది ఒక్కటే, చప్పుడు తుడిచే నాయిస్ రిడక్షన్. దాన్ని తీశాడు.

గొంతు ఒక్కసారిగా బతికొచ్చింది. కంప్యూటర్ ఫ్యాను గుంయ్‌మంటున్నా, ఎక్కడో కుళాయి కారుతున్నా, వాటన్నిటి మధ్యలో గొంతు నిండుగా, ఆరోగ్యంగా నిలబడింది.

"దొరికాడు దొంగ!" అని కోడలు కుర్చీలోంచి లేచిపోయింది. హెడ్‌ఫోన్స్ తీగ లాగేసరికి మళ్ళీ కూర్చుంది.

"అదెలా?" అని మరిది బుర్ర గోక్కున్నాడు. "అది తుడిచేది చప్పుడునే వదినా. నీ గొంతుని ఎందుకు తింటుంది?"

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. పాట అయిపోగానే మరిది రికార్డింగు ఆపడు. "ఇప్పుడు ఊపిరి కూడా పీల్చకు" అని కోడలిని అలమరలో కాసేపు బొమ్మలా నిలబెడతాడు. రోజంతా మాట్లాడటానికి జీతం తీసుకునే మనిషికి అదో శిక్ష. అలా పట్టిన ఖాళీ నిశ్శబ్దాన్ని నమూనాగా సాఫ్ట్‌వేర్‌కి చూపిస్తే, 'ఓహో, ఇదన్నమాట చప్పుడు' అని నేర్చుకుని, పాట మొత్తం మీద అలాంటిది ఎక్కడున్నా ఏరిపారేస్తుంది. పైసా ఖర్చు లేని మంచి ఉపాయం. నమూనాలో నిజంగా ఖాళీయే ఉంటే.

"ఆ నిశ్శబ్దంలో ఏముంది?" అంది కోడలు.

"నిశ్శబ్దంలో ఏముంటుంది, నిశ్శబ్దమే."

"వినిపించవయ్యా!"

మరిది పాట చివరి ముక్కని పట్టుకుని సౌండు పైకి, ఇంకా పైకి, మీట ఆగేంత పైకి పెంచాడు. ఇద్దరూ హెడ్‌ఫోన్స్ చెరో చెవికీ నొక్కుకుని తలలు దగ్గర పెట్టుకున్నారు. హోరు. ఫ్యాను. ఎక్కడో స్కూటరు. కోడలి కడుపులో ఆకలి గుర్రు.

ఆ వెనకాల, చాలా దూరంగా, ఎవరో పాడుతున్నారు.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఫ్రిజ్జేమో," అన్నాడు మరిది, తనకే నమ్మకం లేని గొంతుతో.

"మన ఫ్రిజ్జు శ్రుతిలో పాడుతుందా?"

మళ్ళీ విన్నారు. మాటల్లేవు, ఉత్త కూనిరాగం. ఆడగొంతు. మంద్రంగా ఉంది, వయసు తెలుస్తోంది. కానీ ఎంత నిబ్బరంగా ఉందని! కోడలు పల్లవి ఎక్కడ ఆపిందో సరిగ్గా అక్కడ అందుకుని, ఆ స్వరం మీద కాసేపు నిలబడి, నెమ్మదిగా మెట్లెక్కుతున్నట్టు పైకి వెళ్ళింది. చివరి స్వరాన్ని వదిలిపెట్టలేక వదిలిపెట్టినట్టు ఇంత పొడుగున సాగదీసింది. సాఫ్ట్‌వేర్ పాపం తప్పేం లేదు. దానికి నమూనాగా చూపించింది ఇది. ఈ స్వరాలే చప్పుడనుకుంది. కోడలి గొంతులో అవే స్వరాలు కనబడ్డ చోటల్లా కొరికేసింది.

అలమర వెనక గోడకి అవతల గది ఎవరిదో ఇద్దరికీ తెలుసు.

"అమ్మా?" అన్నాడు మరిది చివరికి. "మా అమ్మా?"

తొమ్మిదేళ్ళ కాపురంలో కోడలు అత్తగారి నోట కూనిరాగం మాట దేవుడెరుగు, ఈల కూడా వినలేదు. రేడియోలో పాటొస్తే "తగ్గించు" అనేది. పెళ్ళిపందిట్లో పాటలు మొదలైతే చెప్పులు వెతుక్కునేది. అలమర ఖాళీ చేసి మైకు పెడతామన్నప్పుడు కూడా "పాట కూడు పెడుతుందా?" అని ఒక్కమాట అని ఊరుకుంది. అలాంటి మనిషి, గోడ అవతల నిలబడి!

అంతకన్నా పెద్ద సంగతి కోడలికి అప్పుడు తట్టింది. ఆవిడ చెయ్యి మరిది భుజం మీద పడింది.

"ఇది పల్లవి కాదు."

"అంటే?"

"పల్లవి నాకు నిద్రలో లేపి అడిగినా వచ్చు. ఇది దాని తర్వాతది. మేడమ్ నాకు పంపలేదు. ఎవరికీ పంపలేదు. అత్తయ్యకి ఎలా వచ్చిందిది?"

ఇద్దరూ హెడ్‌ఫోన్స్, కంప్యూటర్, తీగలు మొత్తం మోసుకుని పక్కగదిలోకి నడిచారు. హెడ్మాస్టరమ్మ కిటికీ పక్క కుర్చీలో కూర్చుని చిరిగిన దిండుగలీబుకి కుట్టు వేస్తోంది. కళ్ళద్దాల పైనుంచి చూసింది.

"ఏంటా ఊరేగింపు?"

"అత్తయ్యా, పొద్దున నేను పాడుతున్నప్పుడు మీరు ఈ గదిలోనే ఉన్నారా?"

"ఎక్కడుంటాను మరి?"

"ఏమైనా పాడారా?"

"నేనా?" అని సూది ఆపింది. "మతి ఉండే అడుగుతున్నావా అమ్మాయ్? పక్కింటివాళ్ళ టీవీ అయ్యుంటుంది."

కోడలు హెడ్‌ఫోన్స్ తెచ్చి అత్తగారి తలకి మెల్లగా తొడిగింది. తొమ్మిదేళ్ళలో ఆవిడ తల మీద చెయ్యి వెయ్యడం అదే మొదలు. మరిది మీట నొక్కాడు. షాపులో అలవాటు కొద్దీ "ఎలా వినబడుతోందమ్మా?" అన్నాడు.

హెడ్మాస్టరమ్మ మొదట చిరాగ్గా కళ్ళు మూసుకుంది. తర్వాత కళ్ళు తెరిచింది. తర్వాత ఆ కళ్ళు ఎక్కడికి చూస్తున్నాయో తెలీలేదు. సూదిలో దారం జారిపోయింది. తన గొంతు తను ఎన్నేళ్ళకి వింటోందో గానీ, ఒక క్షణం పాటు ఆ ముఖంలో బడీ లేదు, బెత్తమూ లేదు. పరీక్షలో ఫస్టు వచ్చిందని చెబితే నమ్మలేని పిల్లలా ఉంది. కోడలికి ఆవిడ మీద ఉన్నట్టుండి ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది.

అంతలోనే ముఖం మూసుకుపోయింది. హెడ్‌ఫోన్స్ లాగేసింది.

"తుడిచెయ్యండి."

"అమ్మా, ఎంత బాగుందో..."

"తుడిచెయ్యమన్నానా! ఇప్పుడే. నా కళ్ళముందే."

"అత్తయ్యా, ఆ చరణం మీకెలా..."

"చరణమూ లేదు, చట్టుబండలూ లేవు. పొద్దస్తమానం ఆ ముక్కే అరగదీస్తుంటే ఎవరికైనా నోట్లో ఆడుతుంది." ఆవిడ కోడలి మణికట్టు పట్టుకుంది. "అమ్మాయ్, నిన్ను ఇంతవరకూ ఏమీ అడగలేదు. ఇదొక్కటీ అడుగుతున్నా. ఇది నేనని బయట ఎవరికీ చెప్పకు. మాటివ్వు."

ఆ పట్టులో భయం ఉంది. ఎందుకో కోడలికి అర్థం కాలేదు. అయినా మాటిచ్చేసింది.

తర్వాత వాళ్ళు చేసిన పని చూస్తే పండగే! టైము పరిగెడుతోంది, పక్కింటి డ్రిల్లు గోల పెడుతోంది, ఇద్దరికీ ఒళ్ళు తెలీడం లేదు. పాట మొదలుకాకముందు, కోడలు ఊపిరి తీసుకోబోయే ముందు, కాస్త అసలైన నిశ్శబ్దం దొరికింది. నమూనాగా దాన్ని చూపించాడు మరిది. ఫ్యాను హోరు పోయింది, గొంతుకి గాటు పడలేదు. ఈక్యూతో అట్టడుగు గుంయ్‌గుంయ్ కోసేశాడు. అలమరలో పాడినందువల్ల గొంతుకి పట్టిన డబ్బా మోత ఎక్కడుందో వెతికి అక్కడ కొద్దిగా నొక్కాడు.

"ఇప్పుడెలా వినబడుతోంది?"

"ముక్కు దిబ్బడ వదిలినట్టుంది!"

కంప్రెసర్ వేశాడు. ఎగిరిపడే స్వరాల నెత్తిన మొట్టి, గొణిగే స్వరాలని భుజం తట్టి లేపి, అన్నిటినీ ఒక వరసలో నిలబెట్టింది. పోయినసారి దాన్ని బిగించి బిగించి గొంతు పీక నొక్కాడు గానీ ఈసారి వదులుగా పట్టాడు. పదాల చివర కోడలు పీల్చిన ఊపిరి కూడా వినబడింది. అది తీసెయ్యనా అంటే వద్దంది. బస్టాండులో తన ఊపిరి ఎవరూ వినలేదు, ఇక్కడైనా విననీ అంది.

చివరికి రివర్బ్. మరిది చెయ్యి మీట మీదికి పోగానే కోడలు ఆ చెయ్యి పట్టుకుంది.

"ఉప్పు వేసినట్టు వెయ్యి. వేసినట్టు తెలియకూడదు. తీసేస్తే మాత్రం చప్పబడాలి."

మీట వెంట్రుకవాసి కదిలింది. ఇంకో వెంట్రుక. అంతే, అలమర గోడలు మాయమైపోయాయి. ఒక పెద్ద గదిలో, కిటికీలన్నీ తెరిచి, ఎవరో తన కోసమే పాడుకుంటున్నట్టుంది. ఆ పాడేది తనే! కోడలికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏడుస్తూనే నవ్వింది. మరిది కుర్చీలో గిర్రున రెండు చుట్లు తిరిగాడు. వాళ్ళ చేతిలో ఉన్నవన్నీ ఎవరో ఉచితంగా పంచిపెట్టిన సామాన్లు. అయితేనేం, ఏది ఎంత వెయ్యాలో తెలిశాక అవే స్టూడియో అయ్యాయి.

పాట చివరి నిశ్శబ్దాన్ని, అందులోని కూనిరాగంతో సహా, అత్తగారి కళ్ళముందే కత్తిరించేశాడు. ఫైలు పంపాడు. మేడమ్ అడిగిన పచ్చి ఫైలు కూడా దానికి తగిలించి పంపాడు. గడియారం ఐదు కొట్టడానికి ఇంకా కాస్త వ్యవధి ఉంది. ఇద్దరూ చేతులు చరుచుకున్నారు. అత్తగారు సూదిలో మళ్ళీ దారం ఎక్కించుకుంది.

పొరపాటు ఎక్కడ జరిగిందో మీకు ఈపాటికి తట్టే ఉంటుంది. వాళ్ళకి తట్టలేదు. వండినదాన్ని శుభ్రంగా కడిగారు, పచ్చిదాన్ని ఉన్నదున్నట్టు పంపేశారు.

ఫోను మోగింది. కోడలు ఎగిరి గంతేసి స్పీకర్ నొక్కింది.

"మేడమ్! విన్నారా?"

"విన్నాను." మేడమ్ గొంతులో తడి లేదు. "చాలా బాగా చేశారు. నువ్వే పాడుతున్నావని చెప్పడానికి ఫోన్ అందుకోబోయాను. ఈలోగా పచ్చి ఫైలు కూడా చూద్దామని నా కంప్రెసర్‌లో పెట్టాను. చిన్న చప్పుళ్ళన్నిటినీ అది పైకి లేపుతుంది, తెలుసుగా."

మరిది నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"నేను పల్లవి ఒక్కటే పంపాను," అంది మేడమ్. "చరణం ఇంతవరకూ స్టూడియోలో వాయించే వాళ్ళకి కూడా వినిపించలేదు. ఎక్కడా రాయలేదు. అది మా ఇంటి పాట, మా అమ్మ నోటి నుంచి నాకు వచ్చింది. మీ దగ్గరికి ఎలా వచ్చింది? నా దగ్గర పనిచేసేవాళ్ళలో ఎవర్ని పట్టుకున్నారు?"

"అయ్యో, అలాంటిదేం లేదు మేడమ్!"

"అయితే ఆ పాడింది ఎవరు?"

కోడలు నోరు తెరిచింది. కుర్చీలో అత్తగారు తలెత్తలేదు. సూది మాత్రం ఆగిపోయి ఉంది. ఒక్క మాట, 'మా అత్తయ్య' అన్న ఒక్క మాట చాలు. పాట తనదవుతుంది. మరిది 'చెప్పెయ్' అని చేతులతో సైగ చేస్తున్నాడు. ఇన్నేళ్ళుగా బస్సులొస్తున్నాయి, పోతున్నాయి అని చెప్పిన గొంతు. తన బస్సు వచ్చి ఎదురుగా ఆగితే ఎక్కకుండా ఎవరుంటారు?

"నేను చెప్పలేను మేడమ్," అంది కోడలు.

"చెప్పలేవా, చెప్పవా?"

"మాటిచ్చాను. దొంగతనం మాత్రం కాదు. అంతకుమించి నన్ను అడగొద్దు."

"అలాగా," అంది మేడమ్. "నాకు బాధగానే ఉందమ్మా. నీలాంటి గొంతు మళ్ళీ దొరకదు. కానీ నమ్మకం లేని చోట నేను పనిచెయ్యను. రెండో అమ్మాయిని పిలుస్తాను. ఉంటా."

"ఉండు!"

దిండుగలీబు నేల మీద పడింది. హెడ్మాస్టరమ్మ లేచి నిలబడింది. రెండంగల్లో వచ్చి కోడలి చేతిలోంచి ఫోను లాక్కుంది.

"పాడింది నేను. దీని అత్తగారిని. పిల్ల నాకిచ్చిన మాట కోసం నోట్లోది పోగొట్టుకుంటోంది. దాన్ని దొంగంటే ఊరుకోను."

"మీకు ఆ చరణం ఎవరు నేర్పారండీ?" మేడమ్ గొంతు మారింది.

"ఒకళ్ళు నేర్పేదేంటి! ఆ చరణం కట్టిందే నేను. పల్లవి మీ అమ్మది, చరణం నాది. ఒకే బెంచీ మీద కూర్చుని కట్టుకున్నాం. నువ్వు అప్పటికి పుట్టలేదు."

పక్కింటి డ్రిల్లు అప్పుడే ఆగింది. కోడలు అత్తగారిని నోరు తెరుచుకుని చూస్తోంది. గోడకి అవతల నిలబడి, తన పాటని తనే దొంగతనంగా పాడుకున్న మనిషి! మొదటిసారి ఆ పల్లవి కోడలి నోట విన్నప్పుడు ఆవిడకి ఎలా ఉండి ఉంటుందో!

హెడ్మాస్టరమ్మ గొంతు తగ్గింది. "మీ అమ్మ... ఉందా?"

అవతల కుర్చీ జరిగిన చప్పుడు, ఎవరో చేతికర్ర తాటించుకుంటూ వస్తున్న చప్పుడు వినబడ్డాయి. ఫోను చేతులు మారింది. తర్వాత ఒక ముసలి గొంతు, బొంగురుగా, విసురుగా పలికింది.

"ఏమే దీర్ఘం! ఇంకా ఆ చివర సాగదీయడం మానలేదా?"

హెడ్మాస్టరమ్మని 'ఏమే' అన్నవాళ్ళని ఆ ఇంట్లో ఎవరూ ఇంతవరకూ చూడలేదు. ఆవిడ ఫోను రెండు చేతులతో పట్టుకుంది. నవ్వో ఏడుపో తెలియని చప్పుడొకటి వచ్చింది.

"నవ్వకు," అంది ముసలి గొంతు. "నిన్ను చాలా అడగాలి. ఆ రోజు అంతమంది జనం ముందు నేను పల్లవి పాడి పక్కకి చూస్తే నువ్వు లేవు. స్టేజీ దిగి ఎందుకు పోయావో నువ్వు ఇప్పటిదాకా చెప్పలేదు. నీ కోడలి గొంతు నా కూతురికి నచ్చింది, నాకూ నచ్చింది. కానీ పాట సగం నాది. ఆ సంగతి నువ్వు చెప్పేదాకా ఈ పాట నీ కోడలూ పాడదు, ఇంకెవరూ పాడరు. చెప్పు, వింటున్నా."

హెడ్మాస్టరమ్మ కోడలి వైపు చూసింది. కోడలు వద్దన్నట్టు తలూపింది. పాట పోతే పోయిందని నిజంగానే అనుకుంది ఆ క్షణంలో. కానీ అత్తగారు అప్పటికే నిర్ణయించుకున్నట్టు ఉంది. ఫోనుని గుండెకి అదిమి పెట్టి, కొడుకు వైపు తిరిగింది.

"ఒరేయ్, నువ్వు కాసేపు బయటికి వెళ్ళు."

"నేనెందుకమ్మా?"

"వెళ్ళమన్నానా. ఇది మీ నాన్న చేసిన పని. అది నా నోట నువ్వు వినకూడదు."

మరిది తీగలు దాటుకుంటూ బయటికి నడిచాడు. కోడలు తలుపు వేసి, గడియ పెట్టింది.